బల్ల మీద రెండు తుపాకులు

"ఏదో ఒకటి తీసుకో," అన్నాడు హోలిస్. "ఇవాళే తేలిపోవాలి."

ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి పావుగంట కూడా కాలేదు. నేను మొక్కజొన్న రొట్టె పెనం దించేలోపే నా మొగుడు నా భోజనాల బల్ల మీద, నేను ఇస్త్రీ చేసి పరిచిన తెల్లగుడ్డ మీద, రెండు తుపాకులు పక్కపక్కన పడుకోబెట్టాడు. ఒకటి మా కోడలు ట్రెస్సాది. గురువారం దాకా ప్రాణంగా చూసుకున్న సెమీ ఆటోమేటిక్. రెండోది నిన్న ఊళ్ళో కొట్టు నుంచి తెచ్చిన పంప్ తుపాకీ. దానికి కట్టిన ధర చీటీ ఇంకా వేలాడుతోంది. ఆ చీటీ కొస వెన్న గిన్నెలో మునిగింది.

తిండి పెట్టుకునే చోట తుపాకులు.

"ముందు భోజనాలు కానివ్వు హోలిస్," అన్నాను.

"డీకన్ భోంచేస్తున్నాడా?" అన్నాడు.

ట్రెస్సా మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మూడు రోజులుగా ఆ కుక్క పేరు ఎత్తినప్పుడల్లా ఆ పిల్లకి ఇదే వరస. హోలిస్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే ఎత్తుతాడు.

గురువారం పొద్దున్న నీళ్ళు పెట్టిన వరిచేలో, మా మాటుగుడిసెలో, ముగ్గురే ఉన్నారు. హోలిస్, మా అబ్బాయి డెల్టన్, వాడి పెళ్ళాం ట్రెస్సా. బాతుల గుంపు దిగుతుంటే ముగ్గురూ ఒక్కసారి లేచారు, తుపాకులు మోగాయి, మోత ఆగాక చూస్తే మా నల్ల లాబ్రడార్ డీకన్ నీళ్ళలో పడి ఉంది. ఎనిమిదేళ్ళ కుక్క. ట్రెస్సా రెండు తూటాలు పేల్చానని అప్పుడే ఒప్పుకుంది. తను ఒక్కటీ పేల్చలేదని, నోట్లో బాతుల్ని పిలిచే ఈల ఉందని హోలిస్ అన్నాడు. డెల్టన్ ఆ చివరెక్కడో ఉన్నాడు, వాడి తూటాలు కుక్క దాకా రావు. ఇక మిగిలిందెవరు?

మిగిలిన ఆ ఒక్కదాని చేతే గొయ్యి కూడా తవ్వించాడు హోలిస్. డిసెంబరు నేల, ఇనుములా బిగుసుకుని ఉంది. రెండు గంటలు తవ్వింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా," అంటున్నాడు హోలిస్. కుర్చీ వెనక్కి జరుపుకుని పాస్టర్‌లా నిలబడ్డాడు. "ఆ ఆటోమేటిక్ మనిషి మాట వినదు. ఒకటి పేలగానే ఖాళీ తూటా డొప్పని అదే విసిరేస్తుంది, అదే ఇంకోటి ఎక్కించుకుంటుంది. వేలు కాస్త వణికితే చాలు, రెండోది పోతుంది. పంపైతే అలా కాదు. చేత్తో వెనక్కి లాగాలి, ముందుకి నెట్టాలి. ఆ లాగి నెట్టేలోపు మనిషికి బుద్ధొస్తుంది."

"నా భుజం సంగతి మీకు తెలుసు కదా మామయ్యా," అంది ట్రెస్సా. గొంతు బల్ల దాటి రావడం లేదు. "అప్పుడెప్పుడో కారు గుద్ది విరిగిన ఎముక. పంప్ పేలి భుజాన్ని వెనక్కి తన్నితే ఆగలేను. ఆటోమేటిక్‌లో సగం తన్ను అదే మింగేస్తుందనే డెల్టన్ అది కొన్నాడు."

"తన్నుకి భయపడేవాళ్ళు ఇంట్లో కూచుని బొంతలు కుట్టుకోవాలి."

బొంతలు కుట్టే నేను పక్కనే ఉన్నాను. ఆయన ఇప్పుడు కప్పుకుంటున్నది నేను కుట్టిందే.

"ఆహా! నీ పంప్ మహా సుఖం," అన్నాను. "మూడేళ్ళ కిందట చలికి చేతులు కొంకర్లు పోయి, సగం లాగి వదిలేశావు. బాతులన్నీ నీ నెత్తి మీద నుంచే పోయాయి. మర్చిపోయావా?"

"నువ్వూరుకో వెర్నా. ఇది మాటు విషయం."

"నా బల్ల మీద పెట్టావు. ఇప్పుడిది నా విషయం."

"బురదలో పడేసినా, మంచులో పాతేసినా పనిచేసేది పంపే. మా నాన్నది అరవై ఏళ్ళ తుపాకీ. ఒక్కసారి మొరాయించిందా చెప్పు? ఆ ఆటోమేటిక్‌కి నూనె చిక్కబడితే జబ్బు, ఊక పడితే జబ్బు. పసిపిల్లకి చేసినట్టు చెయ్యాలి దానికి."

"చేశాను మామయ్యా. ప్రతి రాత్రీ విప్పి తుడిచాను," అంది ట్రెస్సా. "ఒక్కసారీ ఇరుక్కోలేదు."

"ఇరుక్కుని ఉంటే డీకన్ బతికేవాడు."



నేను డెల్టన్ వైపు చూశాను. మాట్లాడరా, నీ పెళ్ళాం కదరా అని కళ్ళతోనే అడిగాను. వాడు గ్రేవీ గిన్నె తన వైపు లాక్కుని గరిటె తిప్పుతున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడంతే. కిటికీ అద్దం పగలగొట్టినా, బస్సులో ఎవడి ముక్కో పగలగొట్టినా, ఎవరు చేశారని అడిగితే గ్రేవీ గిన్నె దగ్గరికి లాక్కుంటాడు. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఆ గిన్నె మాత్రం వదల్లేదు. నా కొడుకే అయినా చూస్తుంటే అసహ్యం వేసింది.

"నా మాట ఒకటే," అన్నాడు హోలిస్. "పంప్ తీసుకుంటే శనివారం నుంచి మాటులో నీ చోటు నీకే. ఆటోమేటిక్కే కావాలంటే దాచుకో. మాటు గడప మాత్రం తొక్కొద్దు."

"పంప్ తీసుకుంటే, నేనే చంపానని ఒప్పుకున్నట్టే కదా?"

"ఒప్పుకోక?"

ట్రెస్సా లేచింది. "సాయంత్రం చెప్తాను," అని పెరట్లోకి వెళ్ళిపోయింది. కంచంలో పెట్టినది పెట్టినట్టే ఉంది.

హోలిస్ కూర్చుని తుపాకులు పక్కకి జరిపి, బఠాణీలు వడ్డించుకున్నాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

*

గిన్నెలు కడిగి బయటికి వెళితే, ఖాళీ కుక్కగూడు పక్కన తిరగేసిన బాల్చీ మీద కూర్చుని ఉంది ట్రెస్సా. కోటు కూడా వేసుకోలేదు.

"లోపలికి రా. జ్వరం తెచ్చుకుంటావు."

"అత్తయ్యా, నేను రెండూ పైకే పేల్చాననుకున్నాను. బాతు రెక్క కింద తెలుపు కూడా గుర్తుంది నాకు. కానీ మూడు రోజులుగా మామయ్య చెప్తుంటే వినీ వినీ, రెండోది ఎటు పోయిందో నాకే తెలీడం లేదు."

"నీ కళ్ళని నువ్వు నమ్ముకోవా?"

"కళ్ళ సంగతి వదిలెయ్యండి. నా చేతులు." రెండు చేతులూ చాపి చూపించింది. గొయ్యి తవ్విన బొబ్బలు చితికి ఉన్నాయి. "శుక్రవారం ఆసుపత్రిలో నెలల పిల్లాడికి సూది వెయ్యాలి. తొడ పట్టుకున్నాను. వేలు వణికింది. ఇంకో నర్సుని పిలిచి ఇచ్చేశాను. రేపు పొద్దున్న ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేస్తా. ఈ చేతులతో పసిపిల్లల్ని ముట్టుకోలేను."

"ఒక కుక్క కోసమా?"

"ఏం చేస్తాయో నాకే తెలీని చేతులు కదా అత్తయ్యా!"

నా శాలువ తీసి భుజాల మీద కప్పాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. పిల్లల ఆసుపత్రిలో ఆ పిల్ల చెయ్యి పడితే ఏడుపు ఆగుతుందని ఈ జిల్లాలో తల్లులంతా అంటారు. ఆ చేతినే ఇప్పుడు పనికిరాదనుకుంటోంది.

*

ఇంట్లోకి వచ్చాక నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఏదో ఒకటి తుడవాలి, ఏదో ఒకటి తోమాలి. అప్పుడు గుర్తొచ్చింది హోలిస్ తుపాకీ.

మా నాన్న తుపాకులు బాగుచేసేవాడు. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న విద్య అదొక్కటే. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు, వేట నుంచి వచ్చిన ప్రతి తుపాకీ ఈ ఇంట్లో నేనే తుడిచాను. హోలిస్ ఎన్నడూ గుడ్డ పట్టుకున్న పాపాన పోలేదు. అలాంటివాడు గురువారం వస్తూనే, "నాది ముట్టుకోకు, నేనే తుడుచుకుంటా," అన్నాడు. కుక్క పోయిన దుఃఖం కాబోలు అనుకున్నాను. తడి తుపాకీని సంచిలోనే ఉంచి మంచం కింద తోసేశాడు. మూడు రోజులు! ఇనుము తుప్పు పట్టదూ?

సంచి లాగి, బట్టలుతికే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నాను. జిప్పు తియ్యగానే మురుగు కంపు కొట్టింది. తుపాకీ చేతిలోకి తీసుకుని, గొట్టం గోడ వైపు తిప్పి, ఎడమచెయ్యి గొట్టం కింద లాగి నెట్టే ముందుపిడి మీద వేశాను.

ముందుపిడి కదిలింది.

అది కదలకూడదు. తూటాలు నింపి ఉంచిన పంప్ తుపాకీ బిగుసుకుని ఉంటుంది. పక్కనున్న చిన్న మీట నొక్కితే గానీ ముందుపిడి వెనక్కి రాదు. నొక్కకుండా వచ్చిందంటే ఎవరో ట్రిగ్గర్ నొక్కినట్టే, లోపలిది పేలినట్టే. మా నాన్న నాకు ఆరో ఏట చెప్పిన పాఠం ఇది.

కింద నుంచి వేలు పెట్టి చూశాను. గొట్టం కింద రెండు తూటాలు ఉన్నాయి, మంచివే. ఒక్కొక్కటీ వేలితో తప్పించి బయటికి జార్చి, ఆప్రాన్ జేబులో వేసుకున్నాను. అప్పుడు ముందుపిడిని అంగుళం, ఇంకో అంగుళం, పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా, సగం దాకా మాత్రమే వెనక్కి లాగాను.

లోపల ఎర్ర డొప్ప. దాని ఇత్తడి అడుగున మధ్యలో సూది పొడిచిన గుంట. కాలిపోయిన మందు వాసన.

చట్టం ప్రకారం మూడే నింపాలి. రెండు నా జేబులో ఉన్నాయి. మూడోది గురువారం పేలింది.

అంతా దానంతటదే అర్థమవుతూ వచ్చింది. ఆటోమేటిక్ అయితే డొప్పని బయటికి విసిరేసి, మీ ముందు పడేసి, ఇదిగో పేల్చింది నేనే అని చెప్పేస్తుంది. ట్రెస్సావి రెండూ మాటు నేల మీద దొరికాయి, పసుపువి, అందరూ చూశారు. పంప్ అలా కాదు. చేత్తో లాగేదాకా డొప్పని కడుపులోనే దాచుకుంటుంది. హోలిస్ లాగలేదు.

మాటు దిగేముందు ప్రతివాడూ తుపాకీ తెరిచి, "ఖాళీ!" అని పైకి అరవాలి. ఆ ఆచారం పెట్టింది హోలిసే. పన్నెండేళ్ళ పిల్లాడు మర్చిపోయినా చెవి మెలేసేవాడు. గురువారం కుక్కని ఎత్తుకొచ్చే గొడవలో ఎవరూ ఎవరినీ ఖాళీ అనమని అడగలేదు. అలా తెరవని తుపాకీ, లోపల తూటాలతో, నా మంచం కిందికి వచ్చింది. మూడు రాత్రులు దాని మీదే పడుకున్నాను. పక్కన ఆ మనిషి గురక పెట్టాడు.

ముందుపిడి మళ్ళీ ముందుకి నెట్టేశాను. డొప్ప లోపలే ఉంది. తుపాకీ పైపైన తుడిచి, ఆ గదిలోనే తలుపు వెనక నిలబెట్టాను.

*

హోలిస్ షెడ్డులో, బాతుల్ని రప్పించడానికి నీళ్ళలో వదిలే బొమ్మ బాతులకి సీసం గుళ్ళు కడుతున్నాడు. ఈల కూడా వేస్తున్నాడు.

"హోలిస్, నీ ముందుపిడి వదులుగా ఉంది," అన్నాను.

చేతిలో దారం ఆగిపోయింది. చూడండి, అబద్ధం అనలేదు, ఏమిటీ అనలేదు. మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"ముట్టుకోవద్దన్నానా?"

"ఎలా పేలింది?"

"లేస్తుంటే వేలు తగిలింది. గ్లవ్స్ మందం. ఒక్క క్షణం వెర్నా, ఒకే ఒక్క క్షణం. డీకన్ ముందుగా దూకేశాడు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాణ్ణి పాలపీక పట్టి పెంచానే."

ఆ నీళ్ళు నిజమే. అందుకే మరీ అసహ్యం వేసింది. ఏడవడానికి కారణం తెలిసిన మనిషి, ఆ ఏడుపు ఇంకొకరి నెత్తిన రుద్దాడు.

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? బర్ల్ యాన్సీని ఏం చేశానో నీకు తెలీదా?"

తెలుసు. మాటులు పంచుకునే మా పదకొండు కుటుంబాల క్లబ్బుకి హోలిస్ పెద్ద. ఇరవై ఏళ్ళ కిందట బర్ల్ తుపాకీ పొరపాటున పేలి నేలలో దిగబడింది, ఎవరికీ గీత పడలేదు. మాటులో పేలితే సభ్యుడు బతికున్నంత కాలం బయటే అని హోలిస్ స్వయంగా రూలు రాయించి, బర్ల్ చేత తాళంచెవి ఇప్పించుకున్నాడు. బర్ల్ ఇప్పటికీ చర్చిలో మా వెనక వరసలోనే కూర్చుంటాడు. పలకరించడు.

"ఆ పిల్ల సభ్యురాలు కాదు, అతిథి," అన్నాడు హోలిస్. "దానికి రూలు లేదు. తుపాకీ మార్చుకుంటే సరిపోతుంది. ఓ ఏడాది బాధపడుతుంది, మర్చిపోతుంది. నాకు ఆ మాటు తప్ప ఇంకేముంది చెప్పు? మా నాన్న కూర్చున్న చోటు అది."

"ఉద్యోగం మానేస్తానంటోంది. పసిపిల్లల్ని ముట్టుకోవడానికి భయపడుతోంది."

"ఆడపిల్లలు అలాగే అంటారు."

"గొయ్యి కూడా దాని చేతే తవ్వించావు కదయ్యా!"

"నేను తవ్వితే అనుమానం రాదూ?"

ఛీ! నా నోట ఆ ఒక్క మాటే వచ్చింది. ఈ చేతులకే నేను రోజూ కాఫీ కప్పు అందిస్తున్నాను.

"ఆ డొప్ప తీసి పారేసే ధైర్యం కూడా లేకపోయింది," అన్నాను.

"లాగితే చప్పుడు కాదూ? ఈ ఇంట్లో ఆ చప్పుడు తెలియందెవరికి? శుక్రవారం పొలానికి తీసుకెళ్దామని సంచి భుజాన వేసుకున్నా. గుమ్మంలో డెల్టన్ ఎదురొచ్చాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేనే వెనక్కి తిరిగా."

పంప్ చప్పుడు వింటే దొంగ కూడా పారిపోతాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పే మనిషి, ఆ చప్పుడుకే భయపడి మూడు రోజులు దాన్ని మంచం కింద దాచాడు.

"రాత్రి భోజనాల దగ్గర నువ్వే చెప్పు," అన్నాను. "ఆ పిల్ల నోరు తెరవకముందే చెప్పు."

"చెప్పకపోతే?"

"హోలిస్!"

"నువ్వు చెప్పవు." మళ్ళీ దారం అందుకున్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "చర్చి కంచె గుద్దింది నేనైతే, కారు నడిపింది నువ్వని పాస్టర్‌కి చెప్పావు. ముప్పై ఎనిమిదేళ్ళలో నన్ను ఎప్పుడన్నా బయటపెట్టావా?"

పెట్టలేదు. కంచె ఒక్కటే కాదు, ఇంకా ఉన్నాయి. షెడ్డు నుంచి వంటింటి దాకా నడుస్తుంటే ఆయన మీద పుట్టిన రోత కాస్తా నా మీదికే తిరిగింది.

*

అయిదింటికల్లా భోజనానికి కూర్చున్నాం. మధ్యాహ్నం మిగిలిందే వేడి చేశాను. రెండు తుపాకులూ గోడవార బల్ల మీద ఉన్నాయి. డెల్టన్ తల ఎత్తలేదు. ట్రెస్సా జుట్టు దువ్వుకుని, మొహం కడుక్కుని, పరీక్షకి వచ్చిన పిల్లలా కూర్చుంది.

హోలిస్ ప్రార్థన చేశాడు. మా తప్పులు క్షమించమని కూడా అడిగాడు. ఆమెన్ అన్నాక నేను ఆయన మొహంలోకి చూశాను. చెప్తాడేమో అని నిజంగానే ఎదురుచూశాను.

"వెన్న ఇటివ్వు," అన్నాడు.

ఇచ్చాను.

"నేను ఆలోచించాను మామయ్యా," అంది ట్రెస్సా. "పంప్ తీసుకుంటాను. మీరన్నదే నిజమై ఉంటుంది. డీకన్ విషయంలో నన్ను క్షమించండి."

ఇప్పుడన్నా చెప్తాడనుకున్నాను. రొట్టె నములుతూ తల ఊపాడు. "మంచిపిల్లవి," అన్నాడు. "పొరపాటు ఒప్పుకోవడానికి గుండె కావాలి."

నా చేతిలో చెంచా పళ్ళెం మీద ఠంగుమని పడింది. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

"అయితే వాడటం నేర్చుకోవాలిగా," అని లేచాను. "కొత్తది బిగువుగా ఉంటుంది, నీ భుజానికి కష్టం. మీ మామయ్యది అరిగి మెత్తబడింది. దానితో చెయ్యి అలవాటు చేసుకో."

"రేపు చూద్దాంలే," అన్నాడు హోలిస్ గబుక్కున.

"రేపటిదాకా ఎందుకు?"

"తిండి బల్ల దగ్గర తుపాకులేమిటి వెర్నా!"

"మధ్యాహ్నం నాకూ అలాగే అనిపించింది."

తలుపు వెనక నుంచి తుపాకీ తెచ్చి, గొట్టం పెరటిగోడ వైపు ఉండేట్టు ట్రెస్సా చేతుల్లో పెట్టాను. డెల్టన్ గరిటె ఆగింది. హోలిస్ కుర్చీలోంచి సగం లేచాడు.

తుపాకీ చేతికొస్తే ముందు తెరిచి చూడాలి, ఎవరు ఖాళీ అని చెప్పినా సరే. హోలిస్ ఆ పిల్లకి నేర్పిన మొదటి పాఠం అది. బాగా నేర్చుకుంది. బొబ్బల చెయ్యి ముందుపిడి మీద వేసింది.

"దీనికేదో మీట నొక్కాలన్నారు?" అంది. "నొక్కకుండానే వచ్చేస్తోందే!"

లాగింది.

ఇల్లంతా ఎరిగిన ఆ చప్పుడు వంటింట్లో మోగింది. ఎర్ర డొప్ప ఎగిరి తెల్లగుడ్డ మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి వెన్న గిన్నెకి తగిలి ఆగింది.

ట్రెస్సా తుపాకీని తెరిచినది తెరిచినట్టే గోడకి ఆనించి, డొప్ప తీసుకుంది. వేళ్ళ మధ్య తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది కాలింది," అంది. "నావి పసుపువి. మామయ్యా, గురువారం మీరసలు పేల్చలేదన్నారు కదా?"

హోలిస్ నా వైపు తిరిగాడు. భయం కూడా లేదు ఆ మొహంలో. అలవాటైన పని చెప్తున్నట్టు చెప్పాడు.

"మీ అత్తయ్య మధ్యాహ్నం తుడవడానికి తీసింది. పెరట్లో ఒకటి పేల్చి చూసినట్టుంది. అంతేగా వెర్నా?"

చర్చి కంచె గుర్తొచ్చింది నాకు. పాస్టర్ ముందు తల వంచుకుని, నేనే నడిపానండీ అన్న నా గొంతు నాకే వినపడింది. ఆ రోజు ఇంటికొస్తూ దారిలో హోలిస్ నాకు ఐస్‌క్రీం కొనిపెట్టాడు. నేను తిన్నాను కూడా.

ఆప్రాన్ జేబులోంచి రెండు ఎర్ర తూటాలు తీసి ట్రెస్సా కంచం పక్కన పెట్టాను. వాటి ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది.

"నేను పేల్చలేదు," అన్నాను. "గురువారం ఆయన నింపిన మూడింట్లో మిగిలిన రెండూ ఇవే. ఆ చిలుము మూడు రోజులది. మధ్యాహ్నం నేను తీసేదాకా ఆ తుపాకీ మా మంచం కిందే ఉంది."

హోలిస్ కుర్చీలో కూలబడ్డాడు. ట్రెస్సా తన చేతుల వైపు చూసుకుంది. ఒకటి తిప్పింది, రెండోది తిప్పింది. అవి వణకడం లేదు. హమ్మయ్య, ఇప్పుడు ఏడుస్తుంది, ఏడిస్తే తేలికపడుతుంది అనుకున్నాను.

అప్పుడు డెల్టన్ నోరు తెరిచాడు. మూడు రోజుల్లో ఈ విషయం మీద వాడు మాట్లాడటం అదే మొదలు.

"బాగా గుర్తు తెచ్చుకో అమ్మా," అన్నాడు. గొంతు మెత్తగా, బతిమాలుతున్నట్టు ఉంది. "నువ్వే పేల్చి ఉంటావు. కదా? పేల్చానని చెప్పమ్మా."

నాకు ముందు అర్థం కాలేదు. నాకన్నా ముందు ట్రెస్సాకి అర్థమైంది. హోలిస్ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. మొగుడి వైపు తిరిగింది.

"మామయ్య పేల్చడం నువ్వు చూశావు," అంది.

డొప్పని వాడి ముందు పెట్టింది.

"నేను గొయ్యి తవ్వుతుంటే గట్టు మీద నిలబడి నాకు మంచినీళ్ళిచ్చావు. అప్పటికే నీకు తెలుసా డెల్టన్?"

డెల్టన్ చెయ్యి బల్ల మీద మెల్లగా ముందుకి పాకింది. గ్రేవీ గిన్నె అంచు పట్టుకుని తన వైపు లాక్కున్నాడు.